ఆరు వందల యాభై మాటలలో ఒక బిడ్డ

మన పిల్లలకు అక్షరాలు నేర్పుతాం, వ్యాకరణం నేర్పుతాం. వానకాలం మీద, గ్రంథాలయాల మీద, జాతీయ సమైక్యత మీద వ్యాసాలు వ్రాయిస్తాం. కాని ‘నేనెవరిని?’ అన్న వ్యాసం మాత్రం ఎన్నడూ వ్రాయించం. పరీక్షలో ఆ ప్రశ్న రాదు. రాని ప్రశ్నకు జవాబు నేర్పే తీరిక మన బడులకు లేదు. ఇరవై ఆరు సంవత్సరాలు తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసిన నేను ఈ మాట అంటున్నాను. ఇంతకాలంలో నా విద్యార్థినులలో ఏ ఒక్కరికీ తన గురించి తాను ఒక పుట నిండా వ్రాయవలసిన అవసరం కలగలేదు. మొదటిసారిగా ఆ అవసరం మా ఇంట్లోనే కలిగింది.

మా చెల్లెలి కూతురు గుంటూరులో ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నది. లెక్కలంటే దానికి ప్రాణం. తండ్రి మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమాస్తా. అమెరికాలో గణితం చదవాలని అమ్మాయి కోరిక. డబ్బు పెట్టి పంపగలిగే ఇల్లు కాదది. విదేశీ విద్యార్థి ఫీజు కట్టగలడా లేదా అన్నది చూడకుండా ముందు ప్రవేశం నిర్ణయించి, ఆ తర్వాత ఇంటి స్తోమతును బట్టి అవసరమైనంత సహాయం చేసే విద్యాలయాలు అక్కడ చాలా కొద్ది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బోడిన్ వంటివి ఆ కొద్దిలోనివి. వాటికి ప్రపంచం నలుమూలల నుండి మంచి మార్కులున్న పిల్లలే దరఖాస్తు చేస్తారు. మార్కులలో అందరూ సమానులే అయినప్పుడు ఒకరిని మరొకరి నుండి వేరుచేసి చూపేవి ఉపాధ్యాయుల సిఫారసులు, బడి వెలుపల చేసిన పనులు, ఆ చిన్న వ్యాసమూను. కాబట్టి మా అమ్మాయికి అది ఏదో ఒక పత్రం నింపడం కాదు. అక్కడికి చేరగలిగే దారులలో ఒకటి.

చాలా అమెరికన్ విద్యాలయాలు ‘కామన్ యాప్’ అనే ఉమ్మడి దరఖాస్తును స్వీకరిస్తాయి. 1975లో 15 కళాశాలలు కలిసి దీనిని ప్రారంభించాయి. నేడు వెయ్యికి పైగా విద్యాలయాలు ఇందులో ఉన్నాయి. ఒక విద్యార్థి దీని ద్వారా 20 విద్యాలయాల వరకు దరఖాస్తు పంపవచ్చు. ఇందులో ప్రధాన వ్యాసానికి కనీసం 250 మాటలు ఉండాలి, 650 దాటరాదు. అంతకు ముందు 500 మాటలు మించవద్దని సూచన మాత్రమే ఉండేది. 2013 నుండి హద్దును 650 చేసి, దానిని అమలుచేసే పనిని ఫారానికే అప్పగించారు. అంటే 651వ మాట వ్రాసిన బిడ్డను మన్నించేందుకు అక్కడ మనిషి లేడు, యంత్రమే ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పద్ధతి వేరు: ఎనిమిది ప్రశ్నలలో నాలుగింటికి, ఒక్కొక్కదానికి 350 మాటలకు మించకుండా జవాబు వ్రాయాలి. ఎంఐటీకి సొంత దరఖాస్తు ఉంది. బ్రిటన్‌కు వెళ్ళదలచిన పిల్లలు యూకాస్ ద్వారా పంపుతారు. అక్కడ మాటల లెక్క కాదు, అక్షరాల లెక్క. ఖాళీలతో సహా మొత్తం 4,000. 2026 ప్రవేశాల నుండి దానిని మూడు ప్రశ్నలుగా విభజించి, ఒక్కొక్కదానికి కనీసం 350 అక్షరాలు ఉండాలన్నారు.

ఈ విధంగా విద్యార్థి వ్యక్తిత్వాన్ని తూచే అలవాటుకు ఒక పాత చరిత్ర ఉంది. అది మనం తెలుసుకోదగినది. 1922లో హార్వర్డ్ అధ్యక్షుడు అబట్ లారెన్స్ లోవెల్ తమ విద్యాలయంలో యూదు విద్యార్థుల సంఖ్యకు పరిమితి విధించాలని ప్రతిపాదించాడు. ఆ సంవత్సరమే దరఖాస్తు పత్రంలో జాతి, మతం, తల్లి పుట్టింటి పేరు, తండ్రి జన్మస్థలం, పుట్టిన తర్వాత తనకు గాని తండ్రికి గాని పేరు మారిందా అనే ప్రశ్నలు చేరాయి. బహిరంగంగా పరిమితి పెట్టడం నిలవలేదు. కాని కొద్ది సంవత్సరాలకే మార్కులతో పాటు ‘వ్యక్తిత్వం’ కూడా చూస్తామన్న నియమం వచ్చి, ఆ పనే మరో పేరుతో నెరవేరింది. నాటి ఉద్దేశాన్ని నేటి వారికి అంటగట్టడం న్యాయం కాదు. నేడు మారుమూల ఊరి బిడ్డకు కూడా తన మాట వినిపించే అవకాశం ఆ వ్యాసమే ఇస్తున్నది. అయినా ఒక సంగతి గుర్తుంచుకోవడం మంచిది: ఫారంలోని ఏ గడీ తనంతట తాను పుట్టలేదు. ఎవరో ఏదో తెలుసుకోగోరి దానిని గీశారు.

‘నేను’ అన్న మాట

అమ్మాయి మొదటి ప్రతి వ్రాసి నాకు చూపించింది. 1,140 మాటలు. చదివి చూస్తే అందులో అందరూ ఉన్నారు, అది తప్ప. చదువు మానవజాతికి ఎంత అవసరమో ఒక పేరా. ఆ తర్వాత ఉపాధ్యాయులకు కృతజ్ఞతలు. పిమ్మట నానీ చెప్పిన కథ. తండ్రి కష్టం. వాడలో ఆడపిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెప్పిన సంగతి వచ్చేసరికి ‘మేము చెప్పాము’ అని వ్రాసింది. ఆ ‘మేము’ ఎవరని అడిగితే, “నేనొక్కదాన్నే ఖాలా! కాని ‘నేను’ అంటే గొప్పలు పోయినట్టు ఉంటుందని...” అన్నది.

ఇది మన పెంపకంలోని మంచి గుణమే. ఆత్మస్తుతి తగదని చిన్ననాటి నుండి చెబుతాం. పదిమందిలో తన పేరు తాను ఎత్తుకోరాదంటాం. అయితే గొప్ప చెప్పుకోవడం వేరు, లెక్క చెప్పడం వేరు. ‘నేను సేవాభావం గలదాన్ని’ అనడం గొప్ప. ‘వారానికి ఐదు సాయంత్రాలు పదకొండు మంది పిల్లలకు భిన్నాలు నేర్పాను, అందులో ఇద్దరు మధ్యలో మానేశారు’ అనడం లెక్క. మొదటిది వినేవారి చేత ఒప్పించుకోవాలని చూస్తుంది. రెండవది ఉన్నది ఉన్నట్టు ముందుంచి ఊరుకుంటుంది. అమ్మాయికి ఈ భేదం చెప్పగానే అర్థమైంది. యార్డు గుమాస్తా కూతురు కదా, లెక్క అప్పజెప్పడం దానికి కొత్త కాదు.

ఇక కోత మొదలైంది. ఈ పత్రిక చదివే తల్లిదండ్రులకు, పిల్లలకు పనికివస్తుందేమోనని ఆ వరుస చెబుతాను. చదువు ప్రాముఖ్యం గురించిన మొదటి పేరా 130 మాటలు. అది ఏ బిడ్డయినా వ్రాయగలిగేది కాబట్టి పూర్తిగా తీసివేసింది. కార్యకలాపాలకు దరఖాస్తులో వేరే చోటు ఉంది. పది పనుల వరకు వ్రాయవచ్చు, ఒక్కొక్క దాని వివరణకు ఖాళీలతో సహా 150 అక్షరాలు. పాఠాలు చెప్పిన సంగతి, గణిత పోటీ, గ్రంథాలయంలో సాయం అక్కడికి పోయాయి. దానితో 170 మాటలు తగ్గాయి. పదవ తరగతి ఒకచోట, ఇంటర్మీడియట్ మరొకచోట చదవడం ఎందుకు, మన బోర్డు మార్కులు ఎలా ఉంటాయి అన్న వివరణ ‘అదనపు సమాచారం’ అనే భాగానికి వెళ్ళింది. ఒకప్పుడు 650 మాటలకు చోటున్న ఆ భాగాన్ని ఇప్పుడు 300కు కుదించారు. అయినా దానికి సరిపోయింది. మరో 110 తగ్గాయి. మిగిలినవి 730.

ఆ చివరి ఎనభై మాటల దగ్గర మూడు రోజులు పట్టింది. ‘ఇన్ ఆర్డర్ టు’ అని మూడు మాటలు ఉన్నచోట ‘టు’ ఒక్కటి చాలునని, ‘డ్యూ టు ద ఫ్యాక్ట్ దట్’ అని ఐదు మాటలు ఉన్నచోట ‘బికాజ్’ సరిపోతుందని గుర్తించింది. ‘వెరీ’, ‘రియల్లీ’ వంటివి ఒక్కటీ మిగలలేదు. మన పిల్లలకు ఇందులో ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. తెలుగులో ‘రాలేకపోయినందువల్లనే’ అన్నది ఒకే మాట. దానిని ఇంగ్లీషులో చెప్పాలంటే ‘ఓన్లీ బికాజ్ ఐ వాజ్ అనేబుల్ టు కమ్’ అని ఏడు మాటలు కావాలి. మనసులో తెలుగులోనో ఉర్దూలోనో ఆలోచించి ఇంగ్లీషులోకి దించే బిడ్డకు, తాను చెప్పింది కొంచెమేనని తోస్తుంది, ఫారం మాత్రం ఎర్ర అంకె చూపుతుంది. కాబట్టి వాక్యాన్ని తర్జుమా చేయడం కంటె, విషయాన్ని మనసులో ఉంచుకొని ఇంగ్లీషులో చిన్న వాక్యంగా తిరిగి చెప్పడం మేలు.

ఇంట్లోని పెద్దలకు కూడా ఈ కోతలో పాత్ర ఉంది. నానీ కథ తీసివేసిన నాడు వాళ్ళ నానీ, అంటే మా అమ్మ, చిన్నబుచ్చుకున్నది. మామూ తన పేరు లేదేమని అడిగాడు. పిల్లలు వ్రాసే ఇటువంటి వ్యాసంలో మనకు చోటు అడగకపోవడమే మనం చేయగలిగే మొదటి సహాయం.

అందరికంటె తక్కువ మాటలలో అర్థమయ్యే అబద్ధం

ఈ రోజుల్లోనే మా మరిది స్నేహితుడొకరు సలహా ఇస్తే, అమ్మాయి విజయవాడలో ఒక కన్సల్టెన్సీకి వెళ్ళింది. అక్కడి ఆయన వ్యాసం చదివి, భాష బాగుందన్నాడట. కాని ‘కథ’ బలంగా లేదన్నాడు. మిర్చి కొట్టు, టిక్కీల తూకం, చిట్టా లెక్కలు ఇవన్నీ అక్కడివారికి వివరించేసరికి సగం మాటలు అయిపోతాయి. అందుకని ఒక ఉపాయం చెప్పాడు. “నువ్వు ముస్లిం అమ్మాయివి. మీ నాన్న నిన్ను చదువు మాన్పించాలని చూశాడని వ్రాయి. ఎదిరించి చదువుకున్నానని వ్రాయి. ఇరవై మాటలు చాలు, ఎవరికీ ఏమీ వివరించనక్కరలేదు” అన్నాడు. అమ్మాయి ఏమీ మాట్లాడకపోవడం చూసి, “మీ నాన్నకు ఇంగ్లీషు రాదు కదమ్మా, ఆయన చదవబోయేదీ లేదు” అని కూడా అన్నాడు.

సోదరీమణులారా, ఆ తండ్రి ఎటువంటివాడో రెండు మాటలు చెప్పాలి. ఫజ్ర్ నమాజు అయిన వెంటనే యార్డుకు వెళతాడు. పంట సీజనులో రాత్రి తొమ్మిదికి గాని ఇల్లు చేరడు. కూతురికి పదేళ్ళ వయసు నుండి రోజూ ఆ రాత్రివేళ తన చిట్టా దాని ముందు పెట్టి, “ఒకసారి కూడి చూడు బేటీ, నాకు కళ్ళు సరిగా కనబడడం లేదు” అనేవాడు. ఆయన కళ్ళకు ఏ లోపమూ లేదు. తూకంలో పోయిన తరుగు ఎంత, కమీషన్ ఎంత, హమాలీ ఎంత, చివరికి రైతు చేతికి వచ్చేది ఎంత అన్న లెక్క ఆ బిడ్డ అక్కడే నేర్చింది. ఒకనాడు కూడికలో తేడా పట్టుకొని చెబితే, మరునాడు ఆ రైతును వెతికి పిలిచి తక్కువపడిన డబ్బు ఇప్పించాడు. అమ్మాయి తన వ్యాసంలో వ్రాసుకున్నది ఈ సంగతే. లెక్క తప్పితే ఎక్కడో ఒక ఇంట్లో బియ్యం తగ్గుతాయని తనకు ఆనాడు తెలిసిందని వ్రాసింది.

ఆ తండ్రిని చదువుకు అడ్డుపడ్డవానిగా వ్రాయమన్నారు!

మన సమాజంలో ఆడపిల్లల చదువుకు అడ్డుపడే ఇళ్ళు లేవని నేను అనడం లేదు. ఉన్నాయి. ఆ కష్టం నిజంగా పడిన బిడ్డ దానిని వ్రాయాలి, దాచనక్కరలేదు. ఎవరి పరువు కోసమూ తన జీవితాన్ని మార్చి చెప్పనక్కరలేదు. కాని పడని కష్టాన్ని అరువు తెచ్చుకోవడం వేరు. మాటల హద్దు ఎంత బిగిస్తే ఆ ప్రలోభం అంత పెరుగుతుందని నాకు అప్పుడు అర్థమైంది. చదివేవారి మనసులో మన గురించి ముందే ఒక బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మను చూపించడానికి మాటలు అక్కరలేదు, దానికి పేరు చెబితే చాలు. నిజానికి మాత్రం చోటు కావాలి. గుమాస్తా అంటే ఎవరో చెప్పాలి, చిట్టా అంటే ఏమిటో చెప్పాలి. అబద్ధం ఇరవై మాటలలో ఇమిడిపోతుంది, నిజం మూడు వందలు అడుగుతుంది.

ఇందులో ఇంకొక సంగతి ఉంది. దరఖాస్తు చివర, ఇందులోని సమాచారం సత్యమని, వ్యాసం తన సొంత రచన అని విద్యార్థి సంతకం పెట్టాలి. ఇతరులు వ్రాసినదే గాక, కృత్రిమ మేధతో వ్రాయించినదానిని తనదిగా పంపడం కూడా మోసమేనని కామన్ యాప్ నియమాలలో ఉంది. కాని మా ఇంట్లో ప్రశ్న సంతకం గురించి రాలేదు. పదిహేడేళ్ళ పిల్ల మొదటిసారి లోకం ముందు నిలబడి ఒక సాక్ష్యం చెబుతున్నది. తనకు అందని భాషలో, తన పరోక్షంలో, కన్నతండ్రి మీద అబద్ధపు సాక్ష్యం. ఇదీ ప్రశ్న.

ఆ రాత్రి అమ్మాయి మా ఇంటికి వచ్చింది. కన్సల్టెన్సీ ఆయన చెప్పినదంతా చెప్పి, “అలా వ్రాస్తే నిజంగానే వస్తుందేమో ఖాలా!” అన్నది. రాదని నేను చెప్పలేదు. నాకు తెలియని దానికి హామీ ఎలా ఇవ్వగలను? “ఏది వ్రాసినా వ్రాయి. పంపే ముందు ఒకసారి మీ అబ్బాకు మన భాషలో చదివి వినిపించు. వినిపించగలిగితే పంపు” అన్నాను. అంతకు మించి నేను చెప్పవలసింది ఏమీ లేకపోయింది.

రెండు రోజుల తర్వాత ఇషా నమాజు అయ్యాక చదివింది. వాళ్ళ అమ్మీ, నేను పక్కనే ఉన్నాం. ఇంగ్లీషు కాగితం చేతిలో పట్టుకొని ఒక్కొక్క వాక్యమే ఉర్దూలో చెప్పుకుంటూ పోయింది. మధ్యలో రెండు మూడు చోట్ల ఆగిపోయింది. ఆ వాక్యాలు ఇంగ్లీషులో గంభీరంగా ఉన్నాయి, ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పబోతే వాటికి అర్థం దొరకలేదు. పెన్ను తీసుకొని అక్కడికక్కడే కొట్టివేసింది. అలా మరికొన్ని మాటలు పోయాయి. పద పరిమితికి ఇంతకంటె మంచి కత్తెర నేను చూడలేదు. కన్నవారికి కన్న భాషలో చెప్పలేని వాక్యం వ్యాసంలో ఉండనక్కరలేదు.

మా మరిది అంతా విన్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. చివరకు నా వైపు తిరిగి, “అంతా సరిగానే ఉంది ఆపా! కాని ఆ రోజు తూకం వేసినవి 38 టిక్కీలు కావు, 36” అన్నాడు. అమ్మాయి దిద్దుకున్నది. వ్యాసం 644 మాటల దగ్గర నిలిచింది. ఆ మిగిలిన ఆరు మాటలూ అలాగే ఖాళీగా ఉండిపోయాయి.

ఫారం నింపే వేళ

వ్యాసం తయారైనంత మాత్రాన పని ముగియదు. ఫారం దగ్గర మన ఇళ్ళకు ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉన్నాయి.

మొదటిది పేరు. మన వైపు షేక్, సయ్యద్, పఠాన్, మొహమ్మద్ అన్నవి పేరుకు ముందు వస్తాయి. ఒక పత్రంలో పూర్తిగా, మరొక పత్రంలో రెండక్షరాల పొడిగా, వేరొక చోట వేరే స్పెల్లింగుతో ఉంటాయి. ఫారం మాత్రం ‘గివెన్ నేమ్’, ‘సర్‌నేమ్’ అని రెండు గడులు చూపుతుంది. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే దరఖాస్తులోను, శాట్ వంటి పరీక్షల నమోదులోను వ్రాయాలి. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. అటువంటివారికి అమెరికా వీసాలో మొత్తం పేరును ఇంటిపేరు స్థానంలో వేసి, సొంత పేరు ఉండవలసిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని, అంటే పేరు తెలియదని ముద్రిస్తారు. తల్లిదండ్రులు ప్రేమతో పెట్టిన పేరు ఉండగా ‘పేరు తెలియని’ బిడ్డగా పరాయి దేశంలో అడుగుపెట్టవలసి వస్తుంది. పదవ తరగతి మెమో వచ్చిన నాడే ఈ పేర్లన్నీ ఒకేలా ఉన్నాయా అని చూసుకుంటే, అవసరమైతే సవరించుకోవడానికి వ్యవధి ఉంటుంది. పుట్టిన తేదీలో కూడా మనం ముందు రోజు వ్రాస్తే, అమెరికావారు ముందు నెల వ్రాస్తారు. 05/11 అంటే మనకు నవంబరు 5, వారికి మే 11.

రెండవది బడికి సంబంధించినది. దరఖాస్తుకు పాఠశాల కౌన్సెలర్ నుండి లేఖ, నాలుగు సంవత్సరాల మార్కుల పత్రాలు కావాలి. మన జూనియర్ కళాశాలలలో అధిక భాగానికి అటువంటి ఉద్యోగి ఉండడు. ప్రిన్సిపాల్‌నో, పాఠం చెప్పే అధ్యాపకులనో ముందుగా అడిగి ఒప్పించుకోవాలి. వారి ఈమెయిల్‌కు లింకు వెళుతుంది, దానిని తెరిచి నింపే ఓపిక వారికి ఉండాలి. తరగతిలో స్థానం లెక్కించే పద్ధతి బడిలో లేకపోతే ‘లేదు’ అని ఎంచుకునే వీలు ఫారంలోనే ఉంది. లేని ర్యాంకును ఊహించి వ్రాయనక్కరలేదు.

మూడవది అతికించడం. వ్యాసాన్ని కంప్యూటర్‌లో వేరే ఫైలుగా వ్రాసి ఉంచుకోవాలి. నేరుగా ఫారంలో వ్రాస్తే, ఏదో పనిపడి లేచి వచ్చేసరికి కొన్ని ఫారాలు లాగౌట్ చేసేస్తాయి. ఫైలు నుండి తెచ్చి అతికించినప్పుడు పేరాల మధ్య ఖాళీలు పోవచ్చు, వంపు తిరిగిన ఉల్లేఖన చిహ్నాలు వింత గుర్తులుగా మారవచ్చు. హైఫన్‌తో కలిపిన మాటలను ఒకచోట ఒకటిగా, మరొకచోట రెండుగా లెక్కించవచ్చు. మా అమ్మాయికి ఒక విద్యాలయం వారి చిన్న ప్రశ్న దగ్గర ఇదే జరిగింది. మాటల లెక్క అనుకొని అతికించింది, అది అక్షరాల లెక్క. హద్దు దాటిన చివరి వాక్యాన్ని ఫారం ఏ హెచ్చరికా లేకుండా కోసివేసింది. పంపే ముందు పీడీఎఫ్ తెరిచి చూసినందువల్ల దొరికింది. చూడకపోతే సగం వాక్యంతో వెళ్ళేది. కాబట్టి ఫారంలో కనిపించేదే కాదు, వారు చదవబోయే పీడీఎఫ్‌ను మొదటి నుండి చివరి వరకు చదవాలి. ఇంట్లో మరొకరి చేత కూడా చదివించాలి.

నాలుగవది రుసుము. 2020 నుండి రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం కొత్త కార్డులలో విదేశీ చెల్లింపులు మొదట మూసి ఉంటాయి. మనమే తెరిపించుకోవాలి. రుసుము భారమైతే మినహాయింపు ఇచ్చే విద్యాలయాలు ఉన్నాయి, అడగడంలో చిన్నతనం లేదు.

ఐదవది గడువు. అమెరికా మనకంటె వెనుక నడుస్తుంది కాబట్టి ఇంకా సగం రోజు మిగిలి ఉందని చాలామంది అనుకుంటారు. కామన్ యాప్‌లో గడువు విద్యార్థి ఉన్న ఊరి సమయం ప్రకారం రాత్రి 11:59. గుంటూరు బిడ్డకు గుంటూరు గడియారమే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మాత్రం తన పసిఫిక్ సమయాన్ని పాటిస్తుంది. శీతకాలంలో అక్కడి రాత్రి 11:59 మనకు మరునాటి మధ్యాహ్నం 1:29. ఏ గడియారం ప్రకారమైనా చివరి రోజును నమ్ముకోరాదు. 2013లో కొత్త కామన్ యాప్‌లో తలెత్తిన సాంకేతిక సమస్యల వల్ల అనేక విద్యాలయాలు గడువు పొడిగించవలసి వచ్చింది. ప్రతిసారీ అలా పొడిగిస్తారన్న భరోసా లేదు. మరొక సంగతి: ప్రధాన దరఖాస్తు పంపిన తర్వాత కొన్ని విద్యాలయాల ప్రత్యేక ప్రశ్నల భాగాన్ని విడిగా పంపాలి. మొదటి భాగం వెళ్ళగానే అంతా అయిపోయిందనుకొని మూసివేయరాదు.

మా అమ్మాయి డిసెంబరు 28న, పగటివేళ, కరెంటు ఉండగానే దరఖాస్తులు పంపింది. జవాబులు మార్చి నెలాఖరుకు వస్తాయి. అంతవరకు అది ఇంటర్మీడియట్ పరీక్షలకు, ఆ తర్వాత ఈఏపీసెట్‌కు చదువుతూనే ఉంటుంది. వస్తుందో రాదో అల్లాహ్‌కే తెలుసు. వచ్చిన పిల్లలందరూ బాగా వ్రాసినవారు కారు, రానివారందరూ సరిగా వ్రాయనివారు కారు. అంతమంది మంచి పిల్లలలో కొద్దిమందినే తీసుకునే చోట అలాగే జరుగుతుంది. ఈ మాట కూడా పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి.

ఈ నాలుగు నెలలలో నేను గమనించినది ఒకటి ఉంది. మా ఇంట్లో తండ్రీ కూతుళ్ళ మధ్య ఏడేళ్ళుగా నడుస్తున్న రాత్రి లెక్కలు ఏమిటో, ఎందుకో ఎవరూ ఏనాడూ నోరు తెరిచి చెప్పుకోలేదు. ఒక పరాయి దేశపు ఫారం 650 మాటల హద్దు గీసి అడిగినందువల్ల బిడ్డ చెప్పింది, తండ్రి విన్నాడు. ఆ రాత్రి ఆయన నిద్రపోలేదని మా చెల్లెలు తర్వాత చెప్పింది. కళ్ళు కనబడడం లేదన్న సాకు ఇన్నాళ్ళూ కూతురికి తెలిసే ఉన్నదని ఆయనకు అప్పుడే తెలిసిందట.

మీ పిల్లలు విదేశాలకు వెళ్ళినా వెళ్ళకపోయినా, ఏ ఫారమూ నింపకపోయినా, పదిహేడేళ్ళు వచ్చేసరికి ఒకసారి వారి చేత ఈ వ్యాసం వ్రాయించండి. ఏ భాషలోనైనా సరే. హద్దు పెట్టండి, లేకపోతే వారు మానవజాతి గురించి వ్రాస్తారు. వ్రాసిన తర్వాత చదివి వినిపించమని అడగండి. అందులో మీ పేరు లేకపోతే నొచ్చుకోకండి. మీ గురించి ఉన్నదానిలో ఏదైనా అంకె తప్పితే మాత్రం సరిచేయండి.